పద్నాలుగో చప్పుడు

రాయిని పేల్చేవాడి అసలు పని పేలిన తరవాతే మొదలవుతుందని నాకు చెప్పినవాడు ఓదెలు. పొద్దున్న డ్రిల్లువాళ్లు బండలో వరసగా రంధ్రాలు వేస్తారు. ఓదెలు ఒక్కొక్కదాంట్లో జిలెటిన్ కడ్డీలు దించి, వత్తి పెట్టి, పైన మట్టి కూరి, మధ్యాహ్నం కూలీలు అన్నాలకు లేచాక అంటిస్తాడు. వత్తులన్నీ ఒకే పొడుగు ఉండవు. ఒకదాని వెనక ఒకటి పేలేట్టు కోస్తాడు. అన్నీ కలిసి పేలితే లెక్క తెలియదు మరి. దూరంగా ఎర్రజెండా పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని, వేళ్ల కణుపుల మీద చప్పుళ్లు లెక్కపెట్టుకుంటాడు. పద్నాలుగు రంధ్రాలు నింపితే పద్నాలుగు చప్పుళ్లు వినాలి. పదమూడే వింటే ఆ రాళ్ల కుప్ప కింద ఎక్కడో ఒకటి పేలకుండా కూర్చుని ఉందన్నమాట. తరవాత ఎవడైనా అక్కడ డ్రిల్లు ఆనించాడా, వాడి పని అంతే. అందుకని ఓదెలు పచ్చజెండా ఎత్తేదాకా ఇంజనీరైనా సరే అడుగు ముందుకు వెయ్యకూడదు.

ఇంత బరువైన పని తాగుబోతు చేతిలో ఎలా పెట్టారని అడుగుతారు మీరు. 1997లో మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా ఎటు చూసినా బండలే. గుండ్రటి అద్దాల భవనం ఒకటి లేస్తోంది, దాని చుట్టూ ఇంకెన్నో లేస్తాయని అంటున్నారు. బండలు ఎక్కువ, పేల్చేవాళ్లు తక్కువ. దొరికినవాణ్ణి వదులుకునే స్థితిలో ఏ కాంట్రాక్టరూ లేడు. పైగా ఓదెలు హుస్నాబాద్ పక్క బావులు పేల్చే ఇంట్లో పుట్టినవాడు. పదహారేళ్లుగా పేలుస్తున్నాడు, ఒక్క ప్రాణం పోలేదు. జిలెటిన్ ముట్టుకుంటే తల పగిలిపోయే నొప్పి వస్తుందట. ఆ నొప్పికి మొదట ఒక క్వార్టరు. తరవాత నొప్పి లేకపోయినా క్వార్టరు. నేను చేరేనాటికి పొద్దున్నే ఒకటి పడితే గాని అగ్గిపుల్ల నిలకడగా పట్టుకోలేని దశకు వచ్చాడు.

నేను ఆ సైటులో సర్వేయర్ని. పేరు రామబ్రహ్మం, ఊరు తెనాలి. నా సంగతి కూడా చెప్పేస్తే ఒక పీడా వదులుతుంది. నేనూ తాగుబోతునే. 1991లో మానేశాను. మానేసినవాళ్లందరూ వారం వారం కూర్చుని ఎవరి గోడు వాళ్లు చెప్పుకునే మీటింగులు ఉంటాయి. వాటివల్ల బతికి బయటపడ్డాను. బయటపడ్డవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కనబడ్డవాళ్లనల్లా బయటికి లాగాలనిపిస్తుంది. ఆ జబ్బు నాకు బాగా ముదిరింది.

ఆ ఏడాది దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం ఓదెలుకి లెక్క తెగలేదు. పన్నెండు పెట్టాడు. పదకొండు విన్నాడో పన్నెండు విన్నాడో తెలియలేదు. తెలియలేదు అన్న ఒక్క మాటే చెప్పి, రాళ్ల కుప్ప పక్కన కూర్చుని పొద్దుగూకేదాకా పచ్చజెండా ఎత్తలేదు. తవ్వి చూస్తే అన్నీ పేలే ఉన్నాయి. సగం రోజు పని పోయింది. సైటు ఇంజనీరు మధుకర్ చిన్నవాడే, పైనుంచి తిట్లు తిని తిని నోరు పదునెక్కినవాడు. ఇంకొక్కసారి తాగి వస్తే ఈ సైటే కాదు, ఈ రోడ్డు మీద ఏ సైటులోనూ అగ్గిపుల్ల గీయనివ్వనన్నాడు. అతని కోపం అన్యాయమని నేననను.

మర్నాడు పొద్దున్నే ఓదెలు భార్య కొమురమ్మ నా దగ్గరికి వచ్చింది. సైటు అంచున కూలీల గుడిసెల్లో వాళ్ల కాపురం. నేను మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం బిగించుకుంటున్నాను. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని, ఎటో చూస్తూ చెప్పింది.

“సార్, మీరు ఏదో మీటింగుకు వోతరట గద. మా ఆయన్ను గూడ జర తోల్కపోండ్రి. ఇంట్ల తిట్టినా కొట్టినా నేను పడుత. గా రాళ్ల కాడ మంది పిల్లలుంటరు సార్.”

ఆ ఆదివారమే ఓదెలుని బయల్దేరదీశాను.

మీటింగు దొరకడం వేరు, మనిషికి సరిపడే మీటింగు దొరకడం వేరు. మొదట సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాలుకి తీసుకెళ్లాను. నేను బాగుపడింది అక్కడే. అంతా ఇంగ్లీషు. రిటైరైన రైల్వే ఆఫీసర్లు, ఒక డాక్టరు, ఒక కాలేజీ లెక్చరరు. ఓదెలు కుర్చీ అంచున గంటన్నర కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఎవరు ఏడ్చినా తనూ తల దించుకున్నాడు. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగాను. అందరూ మంచోళ్లే, పాపం ఎవరో పోయినట్టున్నరు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది.

అమీర్‌పేట వెనక సందులో తెలుగు మీటింగు ఒకటుందని తెలిసి అక్కడికి వెళ్లాం. మాటలు అర్థమయ్యాయి, మనుషులు కలిసిపోయారు. కాని అది అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. కొండాపూర్‌కి బస్సు కోసం నిలబడే చోట ఎదురుగా వైన్ షాపు, దాని పక్కనే ఇంకోటి. నేను ఊళ్లో లేని వారం ఒక్కడే వెళ్లి, మీటింగులో ఏడ్చి, బస్టాపులో తాగి, నడిచి ఇంటికొచ్చాడు. ఇంకొకరెవరో అయ్యప్ప మాల వేసుకోమన్నారు. వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులూ నిప్పులా ఉన్నాడు. మాల తీసిన సాయంత్రమే కొమురమ్మ నా గది తలుపు కొట్టింది.

ఇలా లాభం లేదు, మీటింగే ఇతని దగ్గరికి రావాలనుకున్నాను. కొండాపూర్‌లో ఏసురత్నంగారని కాకినాడ నుంచి వచ్చిన మాస్టారు రేకుల షెడ్డులో చిన్న బడి నడిపేవారు. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక గది ఖాళీ. అడగ్గానే తాళం చేతిలో పెట్టారు. 1998 జనవరి చివర్లో మొదటి ఆదివారం ఓదెలు, నేను, డ్రిల్లు కొట్టే లింగమూర్తి, అంతే. మార్చి వచ్చేసరికి తొమ్మిది మందిమయ్యాం. అందరూ బండల మీద పనిచేసేవాళ్లే. కుర్చీలేస్తే నా ఎదుట కూర్చోవడానికి మొహమాటపడ్డారు. కుర్చీలు గోడకి నెట్టి నేనూ నేల మీద కూర్చున్నాను. ఎండాకాలం రేకుల కింద చెమటలు కారుతుంటే ఒక్కొక్కడూ తన కథ చెప్పేవాడు. వినేవాళ్లలో ఎవడో ఒకడు నాదీ అంతే అనేవాడు.

నేనొక కాగితం రాశాను. సారా, బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు, ఇవేవీ ముట్టను అని. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించి వేలిముద్రలు వేయించాను. ఓదెలు రెండుసార్లు చదివించుకుని వేశాడు. వారం వారం ఎన్ని రోజులైందో చెప్పేవాడు. ఇరవై, నలభై, డెబ్భై. ముఖం తేటపడింది. చేతులు నిలకడగా ఉండేవి. మధుకర్ కూడా ఒకరోజు, మీ ఓదెలు పర్వాలేదండీ అన్నాడు. ఆ మాటకు నేను లోలోపల ఎంత పొంగిపోయానో చెప్పడానికి ఇప్పుడు అసహ్యంగా ఉంది. తగిన మీటింగు కోసం ఊరంతా తిరిగి చివరికి నేనే తయారుచేశానని సికింద్రాబాద్ వెళ్లి మరీ గొప్పలు చెప్పుకున్నాను.

మే మొదట్లో ఓదెలుకి వంద రోజులు నిండాయి. ఆ ఆదివారం మీటింగయ్యాక అందరూ వెళ్లిపోయారు. సాయంత్రం లడ్డూల పొట్లం కట్టించుకుని గుడిసెకి వెళ్లాను. కొమురమ్మ ఒక్కతే ఉంది. ఇంకా రాలేదా అంటే, మీటింగైనంక కంపౌండ్ల కూసోని వస్తరు గద సార్, అంది. అతను బజారుకి వెళ్లాడని చెప్పినంత మామూలుగా చెప్పింది.

కల్లు కంపౌండు బడికి రెండు సందుల అవతలే ఉంది. తడికల వెనక నేల మీద మావాళ్లు ఐదుగురు గుండ్రంగా కూర్చుని ఉన్నారు, నా గదిలో కూర్చునే వరసలోనే. ఒక్కొక్కడి ముందు సీసాలు. లింగమూర్తి ఏదో చెబుతుంటే మిగతావాళ్లు మధ్యలో మాట్లాడకుండా వింటున్నారు. మధ్యలో మాట్లాడొద్దని నేర్పింది నేనే. నన్ను చూసి ఒక్కడూ సీసా దాచలేదు. ఓదెలు జరిగి చోటిచ్చాడు.

“రాండ్రి సార్, కూసోండ్రి. మనోళ్లే అందరు.”

నేను అరిచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. దొంగలన్నాను, వంద రోజులూ అబద్ధమన్నాను. లడ్డూల పొట్లం ఎక్కడ విసిరానో గుర్తులేదు. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. ఓదెలు మాత్రం దించుకోలేదు. అతని ముఖంలో ఉన్నది తప్పు చేసినవాడి భయం కాదు. నాకేమైందో తెలియక కంగారు పడుతున్నాడు.

“సార్, మీ కాయితంల సారా ఉన్నది, బ్రాందీ ఉన్నది, బీరు ఉన్నది. కల్లు లేదు. ఉంటే నేను ఏలుముద్ర ఎయ్యకపోదును. పోచమ్మ ముంగట దీన్నే సాక పోస్తం సార్. సర్కారు సారా బంద్ పెట్టిననాడు గూడ దీన్ని బంద్ పెట్టలే. గిది తాగుడు కిందికి ఎట్లొస్తది?”

నేను తాగినవన్నీ చీటీ అంటించిన సీసాల్లోనివి. కల్లు నా జన్మలో ముట్టలేదు, అందుకే నా కాగితంలోకి రాలేదు. వాళ్లకేమో సారు కాగితంలో కల్లు రాయలేదంటే కల్లు పర్వాలేదనే. బ్రాందీ మానేశాక రోజుకి ఎన్ని సీసాలు తాగుతున్నావని అడిగాను. అంతకుముందు ఒకటి రెండు, ఇప్పుడు ఆరేడు అన్నాడు. దాచలేదు. ఆ ఒక్క జవాబు దగ్గర నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. కొండాపూర్ చుట్టుపక్కల ఈతచెట్లన్నీ రోడ్ల కింద పోయాయి. చెట్లు తగ్గేకొద్దీ సీసాలు పెరుగుతున్నాయంటే ఆ సీసాల్లో ఉన్నది చెట్టు నుంచి దిగింది కాదు. ఆరేడు సీసాలు తాగినవాడి చెయ్యి అంత నిలకడగా ఉందంటే ఆ నిలకడ ఎక్కడిదో అనుమానించాలి. నాకున్న కోపంలో ఇవేవీ తట్టలేదు. అక్కడికక్కడే, కంపౌండు మధ్యలో నిలబడి, ఈ క్షణం నుంచి కల్లు కూడా బంద్ అని అందరిచేతా ఒట్టు వేయించాను.

తాళం ఇవ్వడానికి ఏసురత్నంగారింటికి వెళ్లి, ఉక్రోషంతో ఇదంతా చెప్పాను. ఆయన భార్య రెబెక్కాగారు మియాపూర్ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సు. ఆవిడ చేతిలో పని ఆపి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“ఒక్కసారిగా మాన్పించకండి అన్నయ్యగారూ. దాంట్లో ఏవో మత్తు పొడులు కలుపుతున్నారు. మానేసిన రెండో రోజో మూడో రోజో మా దగ్గరికి మోసుకొస్తున్నారు. లేని మనుషులు కనబడతారు, లేని చప్పుళ్లు వినబడతాయి, ఫిట్సు వస్తాయి. డాక్టరుగారికి చూపించి మెల్లమెల్లగా మాన్పించాలండి.”

నేను ఒక్కరోజులో మానలేదా అన్నాను. మీరు తాగింది వేరండి అన్నారావిడ. అన్నం తినేసి వెళ్లమంటే ఆకలి లేదని వచ్చేశాను. ఆవిడ చెప్పింది నాకు అర్థం కాలేదని అనలేను, బాగా అర్థమైంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలంటే వారం సెలవు పెట్టించాలి. సెలవు ఎందుకని మధుకర్ అడుగుతాడు. వంద రోజులు మానినవాడు రోజుకి ఆరు సీసాల కల్లు తాగుతున్నాడని నా నోటితో నేనే చెప్పుకోవాలి.

ఒట్టు వేసిన ఐదుగురిలో నలుగురు సోమవారం సాయంత్రమే కంపౌండులో ఉన్నారు. లింగమూర్తి కూడా. ఒట్టు నిలబెట్టుకున్నవాడు ఓదెలు ఒక్కడే. సోమవారం చెమటలు పట్టాయి. మంగళవారం అన్నం ముద్ద నోటిదాకా వెళ్లలేదు. వణుకు నేనూ పడ్డాను, రెండ్రోజుల్లో పోతుందని ధైర్యం చెప్పాను. బుధవారం పొద్దున్నే కొమురమ్మ వచ్చింది. రాత్రంతా నిద్రపోలేదట. ఎప్పుడో చచ్చిపోయిన అన్నతో గోడవైపు తిరిగి మాట్లాడాడట. ఇవాళొక్కరోజు పనికి రాకుండా ఆపమని బతిమాలింది. ఆమె వెనకే ఓదెలు వచ్చేశాడు. రాకపోతే మధుకర్ సారు తాగిండనుకుంటడు, వంద రోజులు ఉత్తగ వోతయి అన్నాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మాట మాత్రం తిన్నగానే ఉంది.

ఏం కాదు, నేను పక్కనే ఉంటాను కదా అన్నాను కొమురమ్మతో. ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, సరే సార్ అని వెళ్లిపోయింది.

పద్నాలుగు రంధ్రాలు. కడ్డీలు దించుతున్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను. వేళ్లు వణికాయిగాని చేసే పనిలో తేడా రాలేదు. రెండుమూడుసార్లు ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఒకటిన్నరకి ఈల ఊది వత్తులు అంటించి వచ్చి, ఎర్రజెండా పట్టుకుని నా పక్కన నిలబడి కళ్లు మూసుకున్నాడు. మొదటిది పేలింది. బండ మీది దుమ్ము మా దాకా వచ్చింది. రెండోది, మూడోది. నేను అతని చేతినే చూస్తూ నిలబడ్డాను. బొటనవేలు ఒక్కొక్క కణుపు మీద ఆగి, తడబడి, మళ్లీ ఆనుకుని కదులుతోంది. చప్పుళ్లు నా చెవులకు సోకాయి, అంతే. వాటిని లెక్కపెట్టాలని నాకు తోచనేలేదు.

చివరికి దుమ్ము అణిగింది. ఓదెలు కళ్లు తెరిచాడు. పచ్చజెండా ఎత్తలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అన్నాలు తిన్న డ్రిల్లువాళ్లు లేచి ఇటే చూస్తున్నారు. షెడ్డు దగ్గర్నుంచి మధుకర్ ఏమైందని కేకేశాడు. ఆ సాయంత్రం పెద్ద మేనేజర్లు ఎవరో చూడ్డానికి వస్తున్నారు. అతను విసవిసా నడిచి రావడం మొదలుపెట్టాడు. ఓదెలు చాలా మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

“పద్నాలుగు విన్న సార్. కాని తెల్లారినకాడి నుంచి నా చెవుల్ల ఎవరో తలుపు కొడుతుండ్రు. గిప్పుడు గూడ కొడుతుండ్రు. గా లెక్కల అదొకటి కలిసిందేమో. మీరెన్ని విన్నరు?”

మధుకర్ ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. లెక్క తెలియదని ఇంకోసారి అన్నాడంటే ఓదెలు పని అయిపోయినట్టే. కారణం తెలిసిందంటే నా మీటింగు కూడా అయిపోయినట్టే. ఈ రెండింట్లో ఏది ముందు తట్టిందో నేను చెప్పలేను.

“పద్నాలుగే. నేనూ లెక్కపెట్టాను.”

“నిజంగనేనా సార్?”

“నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?”

ఓదెలు పచ్చజెండా ఎత్తాడు. ఎత్తి, పద్ధతి ప్రకారం అందరికన్నా ముందు తనే వెళ్లి కుప్పంతా తిరిగి చూశాడు. పైకి ఏమీ కనబడలేదు. రాళ్లు ఎత్తేసి, చదును చేసి, మూడు దాటాక డ్రిల్లువాళ్లు దిగారు. నాలుగింటికి ఇంకా పది నిమిషాలు ఉందనగా పద్నాలుగో చప్పుడు వినబడింది.

లింగమూర్తి ప్రాణం ఆస్పత్రి దాకా ఆగలేదు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు. పక్కన నిలబడ్డవాడికి ఒక కన్ను పోయింది. ఆ పేలుడుకి సైటంతా పరుగెడుతుంటే ఓదెలు ఒక్కడే కదలకుండా, చేతివేళ్లు చూసుకుంటూ నిలబడ్డాడు. పోలీసులొచ్చేసరికి ఫిట్సు వచ్చి పడిపోయాడు. నోట్లో గుడ్డ పెట్టి నేనే పట్టుకున్నాను. రెండు రోజులు ఆస్పత్రిలో మంచానికి కట్టేశారు. మూడో రోజు తెలివిలోకి వచ్చాక ఎస్సై వచ్చి అడిగితే, ఆ పొద్దు తాగి ఉన్నాను, తాగిన మత్తులో లెక్క తప్పాను అని చెప్పాడు. నేను ఆ గది బయటే, తలుపు పక్కనే ఉన్నాను. ఎస్సై రాసుకుని వేలిముద్ర వేయించుకుని వెళ్లిపోయాడు. నేను లోపలికి వెళ్లి, ఎందుకలా చెప్పావన్నాను.

“మీ పేరు చెప్తే మిమ్ములను తీస్కపోతరు. మీరు వోతే మీటింగు వోతది. మిగిలినోళ్లు ఏం గావాలె సార్?”

అతని దుప్పటి సర్ది బయటికి వచ్చాను. నేనెరిగిన ఇన్నాళ్లలో ఆ మనిషి చెప్పిన మొదటి అబద్ధం అది. దాని నీడలో నేను బతుకుతున్నాను.

ఓదెలుని జైలుకి పంపారు. జామీను ఇచ్చేవాళ్లు లేరు. నేను ఇవ్వబోయి, అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వస్తుందని ఆగిపోయాను. మీటింగు మాత్రం ఆగలేదు. కాగితంలో కల్లు చేర్చాను. కొత్తగా వచ్చినవాళ్లను రెబెక్కాగారే డాక్టరు దగ్గరికి తీసుకెళుతున్నారు. ఆవిడ ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నన్ను అన్నయ్యగారూ అని పిలవడం మానేశారు, అంతే. ఆదివారం నా వంతు వచ్చినప్పుడు ఏడేళ్లయింది అని చెబుతాను. అందరూ చప్పట్లు కొడతారు.

కొమురమ్మ గుడిసె ఖాళీ చేసి గోపన్‌పల్లి వైపు కంకర కొట్టే పనికి వెళ్లిందని తెలిసి, ఆగస్టులో ఒకరోజు వెతుక్కుంటూ వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఎండ పడకుండా నాలుగు కర్రల మీద గోనెపట్టా కట్టుకుని, దాని కింద కూర్చుని రాళ్లు కొడుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమన్నాను. నేను నోరు తెరవకముందే ఆమె, తల ఎత్తకుండా, ఎన్నాళ్లనుంచో ఎవరితోనో చెప్పాలని ఉన్నట్టు మొదలుపెట్టింది.

“ఆయన పని చేసే కాడ నేను దినాం లెక్కవెడుత సార్, గుడిసెల కూసోని. ఆయనకు గూడ ఎరుక లేదు. ఆ దినం నేను పదమూడే విన్న. సెప్పుల్లేకుంట ఉరికొచ్చిన. గేటు కాడికి రాంగనే పచ్చజెండ లేసింది. పక్కపొంటి మీరు నిలవడ్డరు. సారు ఉన్నడు, సారు విన్నడు, నాదే తప్పు లెక్క అనుకోని ఎనుకకు మర్రిన. లింగమూర్తిని ఆయన సంపలే సార్. నేను సంపిన.”

కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. ఆమె ఎదురుగా కంకర మీద కూలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను లెక్కపెట్టనే లేదని చెప్పాను. ఓదెలు నన్నడిగాడనీ, నేను పద్నాలుగన్నాననీ, అతను నన్ను నమ్మాడనీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. సుత్తి పక్కన పెట్టింది. తల ఎత్తి నావంక చూసింది. అంత సూటిగా ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు.

“గీ మాట ఠాణాల చెప్తరా సార్?”

చెబుతానన్నాను. రేపే వెళ్లి చెబుతానని ఆమె చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. అది జరిగి ఐదు నెలలవుతోంది.